అగరు లేని అగరొత్తులు

మా అమ్మకి తెల్లారేది మూడు వాసనలతో. తడి ముగ్గు, ఫిల్టర్ కాఫీ, అగరొత్తి. వరుస కూడా అదే. ఆ మధ్య చలికాలంలో ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. డాక్టరు గారు ఇన్‌హేలర్ రాసిచ్చి, "ఇంట్లో అగరొత్తులు, సాంబ్రాణి పొగ మానెయ్యండమ్మా" అన్నారు. అమ్మ ఇన్‌హేలర్‌కి ఒప్పుకుంది గానీ రెండోదానికి ఒప్పుకోలేదు. "పదహారు ఉపచారాల్లో ధూపం ఒకటిరా. పదిహేనుతో సరిపెట్టుకోమని దేవుడికి చెప్పమంటావా?" అని నన్ను దబాయించింది, ఆ చీటీ నేనే రాసినట్టు.

వాదించి అమ్మని గెలిచినవాడు మా వంశంలో లేడు. అందుకని సమస్యని ఇంకో వైపు నుంచి చూద్దామని అగరొత్తుల పెట్టె తీసి వెనకవైపు చదివాను. బొగ్గు పొడి, చెక్క పొడి, జిగురు పదార్థం, సుగంధ తైలం, వెదురు పుల్ల. ఆ జిగురు మామూలుగా నారమామిడి చెక్క పొడి. మన ఏజెన్సీ గిరిజనులు సేకరించి గిరిజన సహకార సంస్థకి అమ్మే సరుకుల్లో ఇదీ ఒకటి. తైలం సంగతంటారా, తయారైన ఉత్తి పుల్లని కృత్రిమ సెంటూ దాన్ని పలచన చేసే ద్రావణీ కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. అంటే అగరొత్తిలో పుల్ల ఉంది, బొగ్గుంది, నారమామిడి ఉంది. లేనిదల్లా అగరు.

ఎనభై ఏళ్ళ మా అమ్మమ్మ నుంచి ఎనిమిదేళ్ళ మా అమ్మాయి దాకా అందరం రోజూ పలికే మాట. ఆ వస్తువుని మాలో ఒక్కళ్ళం కూడా చూడలేదు. సరే, అసలు ఈ అగరు ఏమిటో, మంచిదో కాదో ఎలా తెలుస్తుందో చూద్దామని మొదలెట్టాను. అది నన్ను రెండు వేల ఏళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది.

ముందు వస్తువు సంగతి. ఈశాన్య భారతం నుంచి ఇండోనేషియా దాకా, దక్షిణ చైనా దాకా పెరిగే ఒక జాతి చెట్లున్నాయి. శాస్త్రీయ నామం అక్విలేరియా. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కలప తెల్లగా, తేలిగ్గా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. పొయ్యిలోకి కూడా అంత గొప్పది కాదు. ఎక్కడైనా గాయమై, పురుగు తొలిచి, బూజు చేరితే మాత్రం చెట్టు తనని తాను కాపాడుకోడానికి ఆ చోట ఒక నల్లటి బంకని నింపుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా బంక పట్టిన కలపే అగరు. జబ్బు చేయని చెట్టులో అగరు ఉండదు.

ఈ సంగతి మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. అమరకోశంలో అగరుకి ఉన్న పర్యాయపదాలు చూడండి. 'రాజార్హం' అంటే రాజుకి తగినది. 'లోహం' అంటే ఇనుములా నల్లగా, బరువుగా ఉండేదని అనుకోవచ్చు. 'క్రిమిజం' అంటే పురుగు వల్ల పుట్టింది! అస్సాంలో ఈ చెట్లని తొలిచే పురుగుని ఈ కాలపు శాస్త్రవేత్తలు గుర్తించి పేరు పెట్టారు గానీ, నిఘంటువులో ఆ ఆచూకీ ముందే ఉంది. తమాషా ఏమిటంటే 'అగురు' అన్న మాటని సంస్కృతంలో విడగొడితే 'బరువు కానిది' అని వస్తుంది. చైనా వాళ్ళు, జపాన్ వాళ్ళు దీన్నే 'మునిగే సుగంధం' అన్నారు. ఒకడు తేలికంటాడు, ఇంకొకడు మునుగుతుందంటాడు. తమిళంలో ఇది 'అకిల్'. పోర్చుగీసు వాళ్ళ నోట్లో ఈ మాట 'అగిల', 'అగ్విల' అయ్యి, ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి 'ఈగిల్‌వుడ్' అయి కూర్చుంది. దానికీ గద్దకీ ఏ సంబంధమూ లేదు. ప్రతి ఊళ్ళోనూ పేరు మారింది, సరుకు మాత్రం అదే. మన దగ్గర ఒక్కచోటే పేరు మిగిలి సరుకు పోయింది.

ఇక్కడ నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ మీద దుబాయ్ వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో 'ఊద్' అని ఒక పెట్టె కొన్నాను. ఊద్ అంటే అరబ్బీలో కర్ర, అక్కడ అగరుకి అదే పేరు. దుకాణదారు దాన్ని 'డబుల్ సూపర్' అన్నాడు. ధర కూడా డబుల్ సూపరే. నల్లగా నిగనిగలాడే ముక్కలు. మూత తియ్యగానే గదంతా గుప్పుమనేది. వాడ్డానికి మనసొప్పక బీరువాలో వెండి సామాన్ల పక్కన దాచాను. అమ్మ గొడవ మొదలయ్యాక అది గుర్తొచ్చింది. పొగ రాకుండా దీన్ని వాడితే సరి, ఉపచారాలు మళ్ళీ పదహారు!

మునిగే సుగంధం అన్నారు కదా అని ముందు గ్లాసు నీళ్ళలో ఒక ముక్క వేశాను. బుడుంగున మునిగింది. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఒక్క టెస్టు కేసు పాసైతే రిలీజ్ ఇచ్చేసే రకాన్ని నేను కాదు గనక (ఆఫీసులో సంగతి వేరు), ఇంకేం పరీక్షలున్నాయా అని వెతికితే దొరికినాయన కౌటిల్యుడు.

అర్థశాస్త్రం రెండో అధికరణంలో ఖజానాలోకి వచ్చే విలువైన సరుకుని కోశాధ్యక్షుడు ఎలా పరీక్షించాలో ఉంటుంది. ముత్యాలు, మణులు, వజ్రాల తర్వాత చందనం, ఆ తర్వాత అగరు. మూడు రకాలు చెబుతాడు: జోంగకం, దోంగకం, పారసముద్రకం. ఈ జోంగకాన్ని వ్యాఖ్యాతలు కామరూపంతో, అంటే నేటి అస్సాంతో ముడిపెట్టారు. పారసముద్రకం పేరులోనే ఉంది, సముద్రం అవతలిదని. అంటే అప్పటికే దిగుమతి సరుకు ఉందన్నమాట. ఆ తర్వాత మంచి అగరు గుణాలు చెబుతాడు. సారాంశం ఇది: బరువుగా, నూనె జిడ్డుతో ఉండాలి. వాసన దూరం పోవాలి, చాలాసేపు ఉండాలి. నెమ్మదిగా కాలాలి. పొగ తెగకుండా రావాలి. మొదటి నుంచి చివరిదాకా వాసన ఒకేలా ఉండాలి. ఒంటికి రాసుకుంటే తుడిచినా పోకూడదు.

ఈ పుస్తకం ఎప్పటిదన్న దాని మీద పండితుల మధ్య వాదాలున్నాయి, కొందరు క్రీస్తుకి ముందంటారు, కొందరు తర్వాత ఒకటి రెండు శతాబ్దాలంటారు. ఎలా చూసినా దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి యాక్సెప్టెన్స్ క్రైటీరియా ఇది. ఇంకో విశేషం, కనుమరుగైపోయిందనుకున్న ఈ గ్రంథం తాళపత్ర ప్రతి 1905లో శామశాస్త్రి గారి చేతికి దొరికింది మైసూరులో. ఇప్పుడు మనం వాడే అగరొత్తుల పరిశ్రమ వేళ్ళూనుకున్నదీ ఆ చుట్టుపక్కలే.

ఆ జాబితాని మళ్ళీ ఓసారి చూడండి. బరువు, జిడ్డు చెయ్యి పెడితే తెలిసేవి. మిగతావన్నీ కాలంతో ముడిపడ్డవే. నెమ్మదిగా, చాలాసేపు, తెగకుండా, చివరిదాకా, తుడిచినా పోకుండా. అగరు నాణ్యత కంటికి కనపడేది కాదు, కూర్చుని ఎదురుచూస్తే తెలిసేది అని ఆయన అంటున్నట్టు నాకనిపించింది.

నా దుబాయ్ ముక్కని ఈ జాబితాతో పరీక్షించాను. అమ్మని దూరంగా ఉంచి, బాల్కనీలో. మొదట తడిబట్టతో తుడిస్తే బట్టకి నల్లరంగు అంటింది. భూతద్దంలో చూస్తే నలుపు ఒకే మోస్తరుగా అంతటా ఉంది. అసలైన అగరులో బంక చారలుగా, చుక్కలుగా కలప మధ్య పాకి ఉంటుంది, లేత కలపా ముదురు బంకా విడివిడిగా కనపడతాయి. తర్వాత సన్నటి సెగ మీద పెట్టాను. రెండు నిమిషాలు పెళ్ళి రిసెప్షన్‌లో కొట్టే సెంటు వాసన. మూడో నిమిషం నుంచి ప్లైవుడ్ కాలుతున్న వాసన. అంతే సంగతులు. నాసి కలపకి రంగూ నూనే పట్టించి బరువెక్కించిన సరుకు అది. మునిగింది బంక వల్ల కాదు. ఆ ఊళ్ళో సెంటు పట్టించిన చెక్కముక్కల్ని 'బఖూర్' అని పేరు పెట్టి నిజాయితీగానే అమ్ముతారు, అందులో తప్పులేదు. దాన్ని ఉత్తి అగరని చెప్పి అమ్మడమే మోసం. చల్లగా ఉన్నప్పుడే గుప్పుమనే ముక్కని అనుమానించాలని అప్పుడు తెలిసింది. మంచి అగరు చల్లగా ఉన్నప్పుడు పెద్దగా మాట్లాడదు. దాని సుగంధంలో ఎక్కువ భాగం వేడికి బయటపడేదే. కొన్నైతే వేడికి విడిపోయి అప్పుడు పుట్టేవే.

మోసపోయినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదని చరిత్ర చదివాక కాస్త ఊరట. ఈ సరుకు కోసం జనం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కాళిదాసు రఘువంశంలో రఘువు లౌహిత్య నది దాటగానే ప్రాగ్జ్యోతిష రాజు వణికాడంటాడు. రఘువు ఏనుగుల్ని కట్టిన కాలాగరు చెట్లు ఊగినట్టే. ఏడో శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో కృష్ణాగరు తైలం, అగరు చెట్టు బెరడు మీద రాసిన పుస్తకాలు ఉన్నాయని బాణుడు హర్షచరిత్రలో చెప్పాడు. అస్సాంలో ఈ బెరడుతో చేసిన సాంచీ పత్రాల రాతప్రతులు ఇప్పటికీ ఉన్నాయి.

సముద్ర వర్తకంలో ఇది ఇంకా పెద్ద సరుకు. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే వర్తకుడు, చైనా వైపు నుంచి పట్టుతో పాటు అగరు కూడా సింహళానికి వస్తుందని రాశాడు. మన తీరం కూడా ఈ సుగంధాల దారిలోదే. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది మీద సుంకాలు వివరంగా ఉన్నాయి. ఆ తర్వాత కొండవీటి కుమారగిరిరెడ్డి 'కర్పూర వసంతరాయలు' అనిపించుకునేటంత ఘనంగా వసంతోత్సవాలు చేశాడు. ఆ సుగంధాలు సరఫరా చేసిన కుటుంబంలోని అవచి తిప్పయశెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. సెంటు సరఫరాదారుకి కావ్యం అంకితం! ఈ కాలంలో మన వెండర్లకి ఒక థాంక్యూ మెయిల్ కూడా పెట్టం.

సరుకు ఎక్కడుందో నకిలీ అక్కడ. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో అల్ కిందీ అనే మహా పండితుడుండేవాడు. అక్షరాలు ఎన్నెన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి రహస్య లిపిని ఛేదించే పద్ధతిని మొదట రాసిపెట్టింది ఆయనే అని మన ఫీల్డులో చాలామందికి తెలుసు. అదే ఆయన పేరు మీద సుగంధాల తయారీ గురించి కూడా ఒక పుస్తకం ఉంది. ఖరీదైన సుగంధాలకి దీటుగా కృత్రిమ సరుకు ఎలా చెయ్యాలో అందులో బోలెడు విధానాలున్నాయి. కోడ్ బద్దలుకొట్టడం నేర్పిన పేరే డూప్లికేట్ సరుకు పుస్తకం మీదా ఉందన్నమాట.

1225లో చైనాలో ఛ్వాన్‌జౌ రేవు అధికారి జావ్ రుగువా ఇంకో దారి పట్టాడు. ఊరిని బట్టి నాణ్యత. కాంబోడియాది ఉత్తమం, చంపా దేశానిది (నేటి మధ్య వియత్నాం) రెండోది, సుమత్రా, జావాలవి ఆఖరు. చైనా వాళ్ళకి మునిగేది, సగం మునిగేది, తేలేది అనే తరగతులు కూడా ఉన్నాయి. కొలవడానికి తేలిక. కానీ మన కొలతలు మనతో పాటు మోసగాడికీ తెలుసు. బరువు చూస్తారంటే బరువెక్కిస్తాడు, నలుపు చూస్తారంటే నల్లరంగు వేస్తాడు, ఊరి పేరు చూస్తారంటే ఆ ఊరి చీటీ అంటిస్తాడు. లైన్ల లెక్కన కోడ్ కొలిచే మేనేజరు దగ్గర ఏం జరుగుతుందో మనకి తెలియందా!

కొలతలన్నీ పక్కనపెట్టి ముక్కునే నమ్ముకున్నది జపాన్ వాళ్ళు. 595లో అవాజి దీవికి ఒక దుంగ కొట్టుకొచ్చిందనీ, పొయ్యిలో పెడితే సుగంధం వచ్చిందనీ, దాన్ని రాణికి సమర్పించారనీ వాళ్ళ పాత చరిత్ర చెబుతుంది. నారా నగరంలోని షోసోయిన్ కోశాగారంలో 'రంజతాయ్' అనే అగరు దుంగ ఉంది. పొడవు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. ఆ పేరులోని మూడు లిపి చిహ్నాల లోపల తోదాయ్‌జి అనే గుడి పేరు దాగి ఉంటుంది. 1574లో ఓదా నోబునాగా, 1877లో మెయిజీ చక్రవర్తి ఆ దుంగలోంచి చిన్న చిన్న ముక్కలు కోయించుకున్నారు. ఎవరు ఎక్కడ కోశారో చీటీలు అంటించి ఉంటాయి.

మాకు పనికొచ్చింది మాత్రం వాళ్ళ పద్ధతి. పదిహేనో శతాబ్దం నుంచి ఒక కళగా పెంచిన ఆ విధానంలో అగరుని కాల్చరు. గిన్నెలో బూడిద, బూడిద కింద నిప్పు, పైన పల్చటి అభ్రకం పలక, దాని మీద బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ముక్క. అభ్రకం అంటే మన గూడూరు గనులకి పేరు తెచ్చిన కాకిబంగారమే. ముక్క వేడెక్కుతుంది, కాలదు. సువాసన వస్తుంది, పొగ రాదు. వాళ్ళు దాన్ని వాసన చూడటం అనరు, 'వినడం' అంటారు.

పొగ రాదు! ఆ రెండు మాటల కోసమే కదా ఇంత దూరం వచ్చింది. డాక్టరు గారిని అడిగితే, "పొగ లేకపోతే ప్రయత్నించండి. కిటికీ తీసి ఉంచండి. దగ్గొస్తే మాత్రం ఆపెయ్యాలి" అన్నారు. అసలైన అగరే అయినా కాలిస్తే వచ్చేది పొగే, ఊపిరితిత్తులకి దాని ఖరీదు తెలియదు.

అసలు ముక్క ఇచ్చింది మా టీములో ఒక అస్సామీ కుర్రాడు. వాళ్ళ తాతగారి పెరట్లో ఈ చెట్లున్నాయట, అక్కడ చాలా ఇళ్ళలో పోకచెట్ల మధ్య పెంచుతారట. సెలవుకి వెళ్ళొస్తూ కాగితం పొట్లంలో నాలుగు పేళ్ళు తెచ్చాడు. చూడ్డానికి గోధుమరంగులో, అక్కడక్కడా నల్లచారలతో, వడ్రంగి షాపులో ఊడ్చి పారేసిన వాటిలా ఉన్నాయి. వాసన దాదాపు లేదు. నీళ్ళలో వేస్తే తేలాయి. "గొప్ప రకమేం కాదన్నా, మామూలుదే" అని ముందే చెప్పాడు పాపం.

కొత్త దోమలబిళ్ళ మిషన్ ఒకటి కొని, దాని రేకు మీద వెండిరంగు వంటింటి కాగితం పరిచి, గోరంత ముక్క పెట్టాను. (పాత మిషన్ వాడకండి, దోమల మందు వాసనొస్తుంది.) ఐదు నిమిషాలు ఏమీ లేదు. అమ్మ "ఇదేనా నీ పరిశోధన" అన్నట్టు చూసింది. ఆ తర్వాత మెల్లగా ఏదో మొదలైంది. తేనె లాంటి తీపి, దాని వెనక పాత పుస్తకాల బీరువా, ఆ వెనక వాన పడ్డ మట్టి. ఇరవై నిమిషాల తర్వాత కూడా ఉంది, ప్లైవుడ్ రాలేదు. మిషన్ ఆపేశాక సాయంత్రం దాకా దేవుడి మూల పలచగా నిలిచింది. అదే ముక్క నాలుగు రోజులు వచ్చింది. మునిగిన ముక్క నకిలీ, తేలిన ముక్క అసలు. కౌటిల్యుడి జాబితాలో బరువు తప్ప మిగతావన్నీ మా తేలే ముక్క పాసయ్యింది. పొగ సంగతంటారా, ఆ పరీక్ష మేం పెట్టలేదు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గుళ్ళో గర్భగుడి దగ్గర ఉండే వాసనరా ఇది. వత్తిది కాదు, గోడలది" అంది. దగ్గు రాలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఉపచారాలు పదహారు. పండగలకి మాత్రం ఒక అగరొత్తి బాల్కనీలో తులసి దగ్గర వెలుగుతుంది, అది ఆవిడ నాతో కుదుర్చుకున్న రాజీ ఒప్పందం.

ఇంత సంతోషంలోనూ నన్ను గుచ్చే విషయం ఒకటుంది. నిలబడున్న చెట్టులో బంక ఉందో లేదో బయట నుంచి చెప్పడం చాలా కష్టం. అందుకని అడవుల్లో అగరు వెతికేవాళ్ళు కనపడ్డ చెట్టునల్లా నరికి చూశారు. ఉంటే లాభం, లేకపోతే ఒక ఆరోగ్యమైన చెట్టు పోయింది. నాణ్యత తెలియకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది కొన్ని దిర్హాములు. అడవి పోగొట్టుకున్నది చెట్లని. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటీస్ కిందికి అస్సాంలో పెరిగే జాతి 1995లో, ఈ జాతి చెట్లన్నీ 2005లో వచ్చాయి. ఇప్పుడు అస్సాం, త్రిపురల్లో పెరటి తోటల్లో పెంచి, చెట్టుకి కావాలని గాయం చేసి, బూజు ఎక్కించి బంక పుట్టిస్తున్నారు. త్రిపుర ప్రభుత్వం 2021లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. అడవి చెట్టు బతకాలంటే దారి అదే అనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా "అడవిది, అసలైనది, పాతది" అని ఊరిస్తే నకిలీ అన్న అనుమానం ఒకటే కాదు, నిజమైతే ఇంకా పెద్ద తప్పని కూడా గుర్తుపెట్టుకోండి. పెరటి చెట్టు పేళ్ళు చాలు.

దుబాయ్ పెట్టె ఏమైందంటారా? మా అమ్మాయి అందులో రబ్బరు బ్యాండ్లు దాచుకుంటోంది. ఇప్పటికీ మూత తీస్తే గుప్పుమంటుంది.